ఇది హోంవర్క్ కాదండీ, యాక్టివిటీ!

రాత్రి తొమ్మిదీ నలభై. మా ఎల్‌కేజీ వాట్సాప్ గ్రూపు 'టింగ్'మంది. ఆ చప్పుడుకి మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఫ్లాట్లు ఒక్కసారే ఉలిక్కిపడతాయి. ఆరిపోయిన లైట్లు మళ్ళీ వెలుగుతాయి.

"డియర్ పేరెంట్స్, రేపు 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' యాక్టివిటీ. ఇంట్లో ఉన్న పనికిరాని వస్తువులతో మీ చిన్నారి చేత అందమైన పెన్‌స్టాండ్ చేయించి పంపగలరు." కింద రెండు పువ్వులు, ఒక దండం.

ఆ 'చేయించి' దగ్గర కాస్త ఆగాలి. బళ్ళో ప్రేరణార్థక క్రియల పాఠం చెప్పినప్పుడు నాకు ఒక పట్టాన ఎక్కలేదు గానీ, కూతురు ఎల్‌కేజీలో చేరాక పూర్తిగా వంటబట్టింది. బడి మా చేత చేయిస్తుంది. మేము పిల్ల చేత చేయించినట్టు చూపిస్తాం. పిల్ల ఆ పాటికి గోడకు తిరిగి పడుకుని గురక పెడుతూ ఉంటుంది. వాక్యంలో కర్త ఎవరో, కర్మ ఎవరిదో చెప్పాల్సిన పని లేదు.

పైగా పెన్‌స్టాండ్! నాలుగేళ్ళ పిల్లకు పెన్ను ముట్టనివ్వరు. పెన్సిలే ఇంకా పిడికిలి బిగించి పట్టుకుంటోంది. సరే, పెన్ను వచ్చేదాకా స్టాండు ఎదురుచూస్తుందిలే అనుకుని పనికిరాని వస్తువుల కోసం ఇల్లంతా వెతికాం. మాది పొదుపైన సంసారం. ఖాళీ డబ్బాల్లో ఆవాలున్నాయి, పాత సీసాల్లో నీళ్ళున్నాయి, అట్టపెట్టెల్లో నా ఇంజినీరింగ్ పుస్తకాలున్నాయి. వాటిని పనికిరానివిగా లెక్క కట్టొచ్చని మా ఆవిడ అంది. నేను ఒప్పుకోలేదు.

స్కూటరేసుకుని బయల్దేరాను. బడి గేటుకు ఎదురుగా స్టేషనరీ షాపు ఇంకా తెరిచే ఉంది. మాకు మెసేజీ రాకముందే ఆ షాపాయనకు సంగతి తెలిసిపోతుంది. "ఎల్‌కేజీయా, యూకేజీయా సార్? మెటీరియల్ ఇమ్మంటారా, రెడీమేడా?" అన్నాడు. రెడీమేడ్‌లో మళ్ళీ రెండు రకాలు. నున్నగా, తీరుగా ఉన్నది నూట ఎనభై. కాస్త వంకరగా, ఒక పక్క జిగురు కారినట్టున్నది రెండొందల ఇరవై. "ఇదేంటయ్యా, వంకరదానికి ఎక్కువా?" అంటే, "పిల్లలు చేసినట్టుండాలి కద్సార్, చేత్తో వంకర తిప్పాలి, దానికి పనెక్కువ" అన్నాడు. శిల్పులున్నారు మన దేశంలో, లేకేం!

నేను ఆత్మాభిమానం గలవాణ్ణి కాబట్టి మెటీరియలే కొన్నాను. ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్టు, రంగు కాగితాలు, మెరుపుల జిగురు, ఒక కూల్‌డ్రింక్ టిన్ను. టిన్ను ఖాళీగా ఉండాలి కాబట్టి రాత్రి పదింటికి షాపు మెట్ల మీద కూర్చుని అందులోది తాగేశాను. మొత్తం మూడొందల నలభై అయింది. వృథాను అరికట్టడం ఎలాగో మా పాపకు నేర్పడానికి, కొత్త సరుకు కొని మరీ వృథా చేశాను.

మర్నాడు దిగబెట్టేటప్పుడు బడి కౌంటర్లో మెల్లగా అడిగాను, "ఇంత చిన్నపిల్లలకు హోంవర్కేమిటండీ?" అని. అక్కడి అమ్మాయి నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో, మా దగ్గర హోంవర్క్ అనేదే ఉండదండీ. ఇది హోం యాక్టివిటీ!"

ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. ఒక్క మాట మార్చడంలో ఎంత ప్రజ్ఞ ఉందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాల్గుడి కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో నోరు విప్పి మాట్లాడింది పసిపిల్లల వీపు మీది పుస్తకాల సంచుల గురించి. ఆ గొడవ చివరికి శాస్త్రవేత్త యశ్‌పాల్ కమిటీ దాకా వెళ్ళింది. 1993లో ఆ కమిటీ 'భారం లేని చదువు' అంటూ నివేదిక ఇచ్చింది. 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ కూడదంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం అదే మాట రాష్ట్రాలకు రాసి, ఆ పిల్లల సంచి కిలోన్నర దాటరాదంది. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఇంకో అడుగు ముందుకేసి, ఒకటో తరగతికి ముందు పిల్లలకు అసలు సంచే అక్కర్లేదంది. రెండో తరగతి దాకా హోంవర్క్ బదులు, నిన్న సాయంత్రం ఇంట్లో ఎలా గడిచిందో, ఏమేం ఆడుకున్నారో పిల్లల చేత తరగతిలో కబుర్లు చెప్పించమంది.

ఒక రచయిత, ఒక శాస్త్రవేత్త, ఒక హైకోర్టు, ఒక కేంద్ర మంత్రిత్వ శాఖ ముప్పయ్యేళ్ళు పడిన శ్రమను మా బడి ఒక్క గీతతో దాటేసింది. 'వర్క్' కొట్టేసి 'యాక్టివిటీ' అని రాసుకుంది. సంచి బరువు కూడా నియమం ప్రకారమే ఉంది. పాప వీపున ఒక టిఫిన్ డబ్బా, ఒక నాప్‌కిన్, అంతే. వెనకాల చంకలో చుట్టిన చార్టు, నెత్తిన థర్మోకోల్ సౌరకుటుంబం, చేతిలో మట్టి కుండీ పట్టుకుని నేను. తండ్రి మోయదగ్గ బరువెంతో ఏ పాలసీలోనూ రాయలేదు.

ఇక సాయంత్రపు కబుర్లంటారా, మా చిన్నదాన్ని లేపి అడిగితే తడుముకోకుండా చెబుతుంది: "నాన్న వేళ్ళు అంటుకుపోయాయి. అమ్మ అరిచింది. నన్ను ముట్టుకోవద్దన్నారు."

ముట్టుకోవద్దన్నది నిజమే. యాక్టివిటీ జరిగేటప్పుడు పిల్లలు దగ్గర్లో ఉంటే పాడవుతుంది.

నెలకోసారి రంగుల దినం వస్తుంది. పసుపు దినం నాడు పసుపు గౌను, పసుపు రిబ్బను, పసుపు పండు, టిఫిన్‌లో పసుపు రంగు తిండి. పులిహోర పెట్టి పంపితే, "స్పైసీ ఫుడ్ అవాయిడ్ చేయండి" అని చీటీ వచ్చింది. ఆంధ్రదేశంలో పసుపు దినానికి పులిహోర పనికిరాకపోతే ఇంకేం పనికొస్తుందో నాకు తెలియదు. మరో రోజు మన సహాయకుల దినం. మా పాపకు పోస్ట్‌మ్యాన్ వేషం వచ్చింది. దాని బతుకులో అది పోస్ట్‌మ్యాన్‌ని చూసి ఎరగదు. దానికి తెలిసిన సహాయకులు ఇద్దరే: డెలివరీ అన్న, వాచ్‌మన్ తాత. వాళ్ళ వేషాలు జాబితాలో లేవు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. పోయిన నెల వచ్చిన యాక్టివిటీ: "వంటింట్లో అమ్మకు సాయం చేయడం. ఫోటో తప్పనిసరి." ఇంట్లో చిక్కుడుకాయలున్నాయి. పాపను పీట మీద కూర్చోబెట్టి, జుట్టు దువ్వి, బొట్టు పెట్టి, ముందు పళ్ళెం పెట్టాం. అది ఒక కాయ తీసి, ఈనె పట్టుకుని మెల్లగా లాగింది. ఈనె కొసదాకా తెగకుండా వచ్చింది. దాని మొహం వెలిగిపోయింది. రెండోది తీసింది. మూడోది తీయబోతుంటే మా ఆవిడ, "ఫోటో బాగా వచ్చింది, ఇక లే తల్లీ, నాకు ఆలస్యమవుతోంది" అని పళ్ళెం లాగేసుకుంది. పిల్ల ఏడ్చింది. ఏడ్చిన ఫోటో మేము పంపలేదు.

అదే వారంలో బడి నుంచి ఇంకో సలహా: వేళ్ళలో పట్టు కోసం ఒక ట్రే కొనమని. అందులో చెక్క పూసలు, ఒక చిన్న పట్టకారు. పూసలు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మార్చాలి. ధర చూసి కళ్ళు తిరిగాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టడం రాకపోతే పెన్సిల్ పట్టు రాదని టీచరు చెప్పింది. ఆ మాటలో తప్పులేదు. మరి మా అమ్మ వాకిట్లో ముగ్గుపిండి వదిలేది ఏ వేళ్ళతో? బియ్యంలో మట్టిగడ్డ ఏరేది ఏ పట్టుతో? చిక్కుడు ఈనె లాగేది ఏ పట్టకారుతో? మా ఇళ్ళల్లో ఉచితంగా దొరికే చదువును పళ్ళెంతో సహా లాగేసుకుని, దాన్నే చెక్కపూసలుగా మార్చి, డబ్బాలో పెట్టి మాకే అమ్ముతున్నారు. మేము పాతదాన్ని 'పని' అన్నాం, కొత్తదాన్ని 'స్కిల్' అన్నాం.

మాటల సంగతీ అంతే. "ఇంట్లో పాపతో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అన్నది శాశ్వత యాక్టివిటీ. దేశమేమో 2020 విద్యావిధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటల చదువు కావాలనీ, వీలైనచోట ఐదో తరగతి దాకా ఇంటిభాషలోనే చెప్పాలనీ రాసుకుంది. మా ఇంట్లో మాత్రం ఊరి నుంచి వచ్చిన మా అమ్మ, మనవరాలికి అన్నం పెడుతూ "ఓపెన్ మౌత్" అంటోంది. పాప నోరు తెరుస్తుంది గానీ, ముద్ద ముద్దకూ రావలసిన కాకి కథ, పిచ్చుక కథ రాకపోయేసరికి రెండో ముద్దకే మూసేస్తుంది. ఇంగ్లీషులో కథ చెప్పడం మా అమ్మకు రాదు. కథ లేకుండా తినడం పాపకు రాదు.

పేరెంట్స్ మీటింగులో ఇంకా తమాషా. టీచరు ఫైలు తెరిచి, పడవ బొమ్మ చూపించి, "పాపకు కటింగ్ ఇంకా స్ట్రెయిట్‌గా రావాలి" అంది. ఆ కటింగు నాది. మా ఆవిడ నావైపు తిరిగి, "నేను ముందే చెప్పాను" అంది. పక్క కుర్చీలో పాప నా మోకాలి మీద చెయ్యేసి తట్టింది.

అవమానం భరించలేక ఆ వారం ఒక సాహసం చేశాం. ఆకు అచ్చుల యాక్టివిటీని పూర్తిగా పాపకే వదిలేశాం. అది మామిడాకు పక్కన పెట్టి మునగాకులు తెచ్చుకుంది. ఒక్కో చిన్న ఆకునీ రంగులో ముంచి అద్దుతూ, "ఇది వాన, ఇవి వానలో తడిసే చీమలు" అంటూ గంటసేపు తనలో తనే మాట్లాడుకుంది. కాగితం నిండిపోయాక చాపకు వేసింది, చాప అయ్యాక నా చొక్కాకు. అంతసేపు అది ఒకచోట కూర్చోవడం మేమెప్పుడూ చూడలేదు. కాగితం బడికి వెళ్ళి తిరిగొచ్చింది. అందరి కాగితాల మీదా బంగారు నక్షత్రం ఉంది. దీని మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం: "తల్లిదండ్రులు మరింత శ్రద్ధ చూపాలి."

టీచరమ్మను నేనేమీ అనను. ఆ అమ్మాయికి ముప్పై మంది పిల్లలు, ముప్పై మంది ఫోటోలు, సాయంత్రానికల్లా అన్నీ యాప్‌లో ఎక్కించకపోతే పైనుంచి అక్షింతలు. ఆవిడకూ ఇంట్లో ఒక ఎల్‌కేజీ పిల్లాడున్నాడట. రాత్రి పదింటికి ఆవిడా ఐస్‌క్రీం పుల్లలు అంటిస్తూనే ఉంటుంది. వంకరగా వచ్చిన మునగాకు చీమలు అడ్మిషన్ల కరపత్రంలో వేసుకోవడానికి పనికిరావు, తీరుగా కట్ చేసిన పడవ పనికొస్తుంది. యాజమాన్యానికి కావలసింది చదువు జరుగుతోందన్న సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని స్టేటస్‌గా పెట్టుకోవడానికి నాలాంటివాళ్ళం ఫీజు కట్టి మరీ సిద్ధంగా ఉన్నాం. పక్కింటివాళ్ళ పెన్‌స్టాండ్‌కు అద్దాలు అంటించారని తెలిసి, రాత్రి పదకొండుకి మా పెన్‌స్టాండ్‌కు ముత్యాలు అంటించిన చేతులు నావే. ఈ నాటకంలో నేను ప్రేక్షకుణ్ణి అంటే ఎవరూ నమ్మరు.

గిజుభాయి బధేకా అనే గుజరాతీ ఆయన వకీలు పని వదిలేసి, 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల కోసం బాలమందిరం పెట్టాడు. పిల్లలకు కథలు, ఆటలు, స్వేచ్ఛ ఇచ్చాడు. ఆయన రాసిన 'దివాస్వప్న' పుస్తకాన్ని తెలుగులో 'పగటి కల' అన్నారు. వందేళ్ళ తర్వాత మేమూ మా మా ఉద్యోగాలు పక్కనపెట్టి పసిపిల్లల బడిలో చేరాం. తేడా ఒక్కటే. ఆయన పిల్లలకు చెప్పడానికి వెళ్ళాడు, మేము పిల్లల బదులు చదవడానికి వెళ్ళాం.

మొన్న శుక్రవారం మళ్ళీ 'టింగ్'మంది. ఈసారి తొమ్మిదీ యాభై. "రేపటి యాక్టివిటీ: పాపతో కుటుంబసభ్యులు ఒక గంట ఆనందంగా గడపాలి. ఫోటో ఉదయం ఎనిమిదిలోపు అప్‌లోడ్ చేయగలరు."

పాప నిద్రపోయి గంటయింది. లేపి ఆనందంగా గడుపుదామా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి మా ఆవిడ ఫోన్లో పాత ఫోటోలు తిరగేసి ఒకటి పట్టుకుంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పటిది. వసారాలో మా అమ్మ, ఎదురుగా బాసింపట్టు వేసుకుని పాప, మధ్యలో వామనగుంటల పీట. పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు. పాప పిడికిట్లోంచి ఒక్కో పిక్కా ఒక్కో గుంటలో వేస్తూ, పెదాలు కదిపి లెక్కపెడుతోంది. చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే చూసుకుని, అప్పుడే నవ్వు మొదలెట్టింది. ఫోటో కాస్త కదిలింది. ఆ వేళ పాప పన్నెండు దాకా తెలుగులో తప్పులేకుండా లెక్కపెట్టిందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది.

అదే పంపించి పడుకున్నాం. ఉదయం ఎనిమిదీ ఐదుకి జవాబొచ్చింది.

"ఫోటోలో యాక్టివిటీ కనిపించడం లేదు. దయచేసి మళ్ళీ పంపగలరు."