పెట్టె మోసిన వాళ్లం

నీకు తెలియదులే అబ్బాయ్. అధిక రక్తస్రావానికి వాడే యంత్రం అమ్మడమంటే మా రోజుల్లో ముప్పావు వంతు పాఠం, పావు వంతు వ్యాపారం. ఇప్పుడు మీరు ట్యాబ్ మీద నాలుగు బొమ్మలు జరిపి, "మేడమ్, ఈ నెల పది కాథెటర్లు తీసుకుంటే రెండు ఫ్రీ" అనేసి లిఫ్టు దగ్గరికి పరిగెడుతున్నారు. గర్భసంచిలోకి వెళ్లే వస్తువుని ఆషాఢం ఆఫర్లో చీరలా అమ్మడమేమిట్రా? అడిగితే "టార్గెట్ అంకుల్" అంటారు. మాకు లేవా టార్గెట్లు? నెలాఖరు వచ్చిందంటే ఏరియా మేనేజరు మా ప్రాణాలు తోడేసేవాడు. అయినా డాక్టరమ్మ ముందు కూర్చుంటే మా నోట ముందు రోగం మాట వచ్చేది, ఆ తరవాతే సరుకు మాట.

అసలు ఈ యంత్రాలు రాకముందు ఎలా ఉండేదో విను. నెలనెలా రక్తం ఆగక, గుడ్డ మీద గుడ్డ పెట్టుకుని నాట్లకీ కోతలకీ వెళ్లి, హిమోగ్లోబిన్ ఆరుకో ఏడుకో పడిపోయి కళ్లు తిరిగితే తప్ప ఆడవాళ్లు ఆస్పత్రి మొహం చూసేవాళ్లు కాదు. డాక్టర్ల దగ్గరున్నవి ఐరన్ మాత్రలు, ట్రనెక్సామిక్ యాసిడ్, హార్మోన్ మాత్రలు, లోపలి పొరను గీకేసే డి అండ్ సి. వాటితో లొంగకపోతే ఇక పెద్దాపరేషనే, సంచి తీసేయడమే. సంచిని ఉంచి లోపలి పొరను మాత్రం కాల్చే పద్ధతిని లేజర్‌తో చేసి చూపించి అమెరికా డాక్టరు మిల్టన్ గోల్డ్‌రాత్ 1981లోనే పత్రం రాశాడు. తరవాత అదే పని కరెంటుతో చేసే రోలర్‌బాల్ వచ్చింది. కానీ అవన్నీ సంచి లోపలికి పంపే దుర్భిణి గొట్టం, హిస్టెరోస్కోపులోంచి చూస్తూ చేసేవి, చెయ్యి బాగా తిరగాలి. రోలర్‌బాల్‌కి లోపల నింపే గ్లైసిన్ ద్రవం మోతాదు మించి ఒంట్లోకి దిగిందంటే సోడియం పడిపోయి మనిషి మీదికే వచ్చేది. మా కోస్తా జిల్లాల్లో ఆ పనికి చెయ్యి వేసే డాక్టర్లు బాగా అరుదు.

అలాంటి రోజుల్లో వచ్చింది బెలూన్. 1997 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ థెర్మాచాయిస్‌కి అనుమతి ఇచ్చింది. మాలాంటి వాళ్లకి అదొక యుగం మారినట్టు. సన్నటి గొట్టం చివర బుడగ. దాన్ని లోపలికి పంపి, 5 శాతం డెక్స్ట్రోజ్ నీళ్లు నింపి, ఆ నీటిని 87 డిగ్రీల దాకా వేడిచేసి 8 నిమిషాలు ఉంచడం, అంతే. బయట ఒక పెట్టె ఉండేది. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, టైము ఎంత అని చూపిస్తూ, ఒత్తిడి తేడా కొడితే తనంతట తనే ఆగిపోయేది. హిస్టెరోస్కోపులో ఆరితేరని డాక్టరు కూడా చేయగలిగిన పని. ఆ పెట్టెని స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని బెజవాడ సూర్యారావుపేట సందులన్నీ తిరిగాం. తెనాలి బస్సులో సీటు దొరక్కపోతే పెట్టెని ఒళ్లో పెట్టుకోమని ఎవరో పెద్దావిడని బతిమాలేవాళ్లం. "ఏం మిషను బాబూ ఇది?" అని ఆవిడ అడిగితే సగం సిగ్గుపడుతూ చెప్పేవాళ్లం. "మా కోడలికి పనికొస్తుందా?" అనేది. అక్కడే మొదలయ్యేది మా డిటైలింగ్, అదే, సరుకు గురించి వివరించే పని.

పోటీ లేదనుకుంటున్నావా? ఆరేళ్లు తిరక్కుండానే అమెరికాలో బజారు నిండిపోయింది. వేడి సెలైన్‌ని నేరుగా లోపల 10 నిమిషాలు తిప్పేది ఒకటి, పొరను గడ్డకట్టించేది ఒకటి, ఆపైన మైక్రోవేవ్. 2001 సెప్టెంబర్‌లో అనుమతి తెచ్చుకున్న నోవాష్యూర్ వీటన్నిటినీ దాటేసింది. బంగారు పూత పూసిన మూడుమూలల వల అది. లోపల విచ్చుకుని రేడియో తరంగాలతో సగటున 90 సెకన్లలో పని ముగిస్తుంది. ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి సంచికి ఎక్కడన్నా చిల్లు పడిందేమో చూసుకుంటుంది, అనుమానం ఉంటే మొదలే పెట్టదు.

ఆ వల అమ్మేవాడూ బెలూన్ అమ్మే నేనూ ఒకే డాక్టరమ్మ గది బయట, ఒకే బల్ల మీద, ఒకే ఫ్యాను కింద కూర్చునేవాళ్లం. ఓపీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటిదాకా ఏం చేస్తాం? వాదించుకునేవాళ్లం. "మీకు 8 నిమిషాలు, మాకు నిమిషన్నర గురూ" అనేవాడు. "నీ వల లోపలికి పోవాలంటే దారి ఇంకా వెడల్పు చేయాలి, నాది సన్నం" అనేవాణ్ని. "మా ట్రయల్లో ఏడాదికి నూటికి 36 మందికి నెలసరి పూర్తిగా ఆగింది, మీ ట్రయల్లో 15 మందికే" అని కాగితం తీసేవాడు. "పూర్తిగా ఆగడం ఎవరడిగారు? మామూలుగా వస్తే చాలంటుంది ఆవిడ" అని నేనూ కాగితం తీసేవాణ్ని. రెండూ వేరువేరు ట్రయల్స్ అని, రోగులూ లెక్కగట్టిన పద్ధతీ ఒకటి కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ముక్క గదిలోకి వెళ్లాక డాక్టరమ్మకీ చెప్పేవాళ్లం. ఎదుటివాడి యంత్రం మీద అబద్ధం చెప్పి బయటికొస్తే బల్ల మీద మళ్లీ వాడి పక్కనే కూర్చోవాలి కదా. ఇప్పుడు మీకు బల్ల లేదు. యాప్‌లో అపాయింట్‌మెంట్, మూడు నిమిషాల మీటింగ్. పక్క కంపెనీవాడి మొహం కూడా ఎరగవు నువ్వు.

ఇక మా ఇద్దరి నోట్లోనూ మట్టికొట్టింది మూడోది, మిరీనా. సంచిలో పెట్టే చిన్న టీ ఆకారం, లోపల 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్. థియేటర్ అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, వద్దనుకుంటే తీసేయొచ్చు, తరవాత పిల్లల్నీ కనొచ్చు. మన హెచ్ఎల్ఎల్ వాళ్లు కూడా ఎమిలీ అని ఒకటి తెచ్చారు. లక్నో సీడీఆర్ఐలో పుట్టిన ఆర్మెలాక్సిఫెన్ మాత్ర ఉండనే ఉంది, మొదట వారానికి రెండుసార్లు వేసుకునేది. వీటి గురించి అడిగితే మేము మొహం చాటేయలేదు. "పిల్లలు కావాలనుకునే అమ్మాయికి అదే మంచిది మేడమ్, మాది వద్దు" అని చెప్పాం. ఆ నెల అమ్మకం పోయేది. మళ్లీ నెల డాక్టరమ్మే కబురు పెట్టేది.

ఈ 'ఎవరికి వద్దు' అనే పాఠం మీకెవరూ నేర్పుతున్నట్టు లేదు. పొర కాల్చే ముందు బయాప్సీ తీసి క్యాన్సరు, దాని ముందు దశ లేవని తేల్చుకోవాలి. ఇంకా కనాలనుకునేవాళ్లకి చేయకూడదు. చేశాక కూడా గర్భం రావచ్చు, వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం, కాబట్టి కుటుంబ నియంత్రణ తప్పదు. పాతకాలపు నిలువు కోత సిజేరియన్ అయినవాళ్లకి పనికిరాదు. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే అధికం అన్న లెక్కా, ప్యాడ్ల బొమ్మలు చూసి మార్కులు వేసే పట్టికా నోటికి వచ్చేవి. తెనాలిలో ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేది. చేతిలోని బొమ్మల పుస్తకం, విజువల్ ఎయిడ్ మూయించి, "ఇప్పుడు చెప్పు" అనేది. మొన్న ఒక కుర్రాణ్ని బయాప్సీ సంగతి అడిగితే "అది డాక్టరు చూసుకుంటారు కదంకుల్" అన్నాడు. డాక్టరే చూసుకుంటారు, నిజమే. మరి నువ్వెందుకు వెళ్తున్నావు?

ఇప్పుడు అసలు కొనేదే డాక్టరు కాదు. పర్చేజ్ డిపార్ట్‌మెంట్. థియేటర్ మొహం చూడని మనిషి మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి తక్కువది టిక్కు కొడతాడు. ఒక్కసారికే వాడాలని పైన అచ్చు వేసిన కాథెటర్‌ని కడిగి మళ్లీ వాడిన చోటు నేనే చూశాను. పేరు చెప్పను, నోరు మూసుకోనూ లేదు. అక్కడికి సరుకు పంపడం మానేశాం. నీ కాలంలో మానేస్తావా? మానేస్తే నీ ఉద్యోగం ఉంటుందా?

పైవాళ్ల సంగతి సరేసరి. వల చేసిన నోవాసెప్ట్‌ని 2004లో సైటిక్ 32 కోట్ల 50 లక్షల డాలర్లకి కొంది, 2007లో ఆ సైటిక్‌ని హోలాజిక్ కలిపేసుకుంది. ఆ వల వెనకున్న చాబా ట్రుక్కాయ్ మినర్వా అని ఇంకో కంపెనీ పెట్టి, తన పాత యంత్రానికే పోటీ యంత్రం తెచ్చాడు. హోలాజిక్‌తో పేటెంట్ తగాదా 2021లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మా గొడవలు టీ కొట్టు దగ్గర తేలిపోయేవి. నేను మోసిన బెలూన్‌నేమో తయారుచేసినవాళ్లే అమ్మకం ఆపేశారు. 8 నిమిషాల కన్నా 90 సెకన్లు మేలని, అంతసేపు మత్తులో ఉండక్కర్లేదని ఒప్పుకుంటాను. కానుకల మీద కట్టడికి 2024లో కేంద్రం పరికరాల కంపెనీలకీ నియమావళి పెట్టింది, అదీ మంచిదే. ఆడపిల్లలు రెప్‌లుగా వస్తున్నారు, మేము నసిగిన మాటలు వాళ్లు తడుముకోకుండా చెబుతున్నారు, అది ఇంకా మంచిది. అయినా మా కాలమే నయం.

ఎందుకంటే అసలు పోటీ ఎవరితోనో మాకు తెలుసు. వలతో కాదు, మిరీనాతో కాదు, సంచి తీసేసే కత్తితో. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. తెలంగాణలో 7.7. మన ఆంధ్రలో 8.9. ఆ అంకెలు చూసినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. అవసరం ఉండి తీసినవి ఉంటాయి, కాదనను. తెల్లబట్ట అవుతోందనీ, నడుం నొప్పి అనీ, పిల్లలు పుట్టేశారు ఇక సంచి ఎందుకనీ తీసేసినవి ఎన్నో. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలిచ్చింది, 2023లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది.

కాబట్టి అబ్బాయ్, రేపు కాల్‌కి వెళ్లినప్పుడు ఆ ట్యాబ్ కాసేపు మూసెయ్. నీ యంత్రం ఎవరికి పనికిరాదో ముందు అది చెప్పు. మాత్రలతో పోయేదాన్ని మాత్రలతోనే పోనిమ్మను. పక్క కంపెనీవాడిది ఆవిడకి నప్పితే వాడి పేరే చెప్పు. సంచి ఉంచగలిగిన చోట ఉంచమని అడుగు. నీ రేటు, నీ ఆఫరు ఆ తరవాత చెప్పుకో.