250 వోల్టులకూ చెవికీ నడుమ

నా ఇనుము పాతది, రాగి కొత్తది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒకే మోడల్ వాల్వు రేడియోలు రెండు తుక్కు కింద అమ్ముడుపోయాయి. వాటి పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు ఎప్పుడో కాలిపోయాయి. కాలిన తీగ ఊడదీసి, కోర్ స్టాంపింగులు (ఇనుప రేకులు) శుభ్రం చేసి, కొత్త తీగ చుట్టి మమ్మల్ని తయారుచేశారు. కుడి చెవికి నేను, ఎడమ చెవికి నా తోబుట్టువు. మేం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లం.

మమ్మల్ని చుట్టించినాయన ఇంట్లోనే వాల్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కట్టుకుంటున్నాడు. వాల్వులు ముందే ఉన్నాయి. భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ఈఎల్84లు. ఆ సంస్థ బెంగళూరులో 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. హెడ్‌ఫోను 300 ఓములది. ఇక తేలాల్సింది ఈ రెండింటి మధ్య ఎవరుండాలన్నదే. యాంప్లిఫయర్ మొత్తంలో పెద్ద నిర్ణయం అదేనని నేనంటాను. వాల్వు నచ్చకపోతే సాకెట్లోంచి పీకి ఇంకోటి గుచ్చుకోవచ్చు. నన్ను మార్చాలంటే చాసిస్‌కు కొత్త బెజ్జాలు పడాలి.

ముందు ఆ రేడియోల్లోనే ఉన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లను చూశాడు. వాటి సెకండరీ చిన్న స్పీకరు కోసం, నాలుగైదు ఓములకు చుట్టింది. దానికి 300 ఓముల హెడ్‌ఫోను తగిలిస్తే వాల్వుకు లోడు ఉన్నట్టే తెలియదు. సెకండరీకి అడ్డంగా చిన్న రెసిస్టరు పెడితే ఆ లోటు తీరుతుంది. పవరు చాలావరకు రెసిస్టరులోనే వేడిగా పోయినా ఫరవాలేదు, హెడ్‌ఫోనుకు మిల్లీవాట్లు చాలు. అసలు లోటు బేస్‌లో ఉంది. ఇనుము చిన్నది, చుట్లు తక్కువ. రేడియో స్పీకరు ఎలాగూ లోతైన శబ్దం పలకదు కాబట్టి తయారీదారు అంతకు మించి ఖర్చుపెట్టలేదు. మంచి హెడ్‌ఫోనులో మాత్రం మృదంగం ఎడమ వైపు మోత పలచబడితే ఇట్టే దొరికిపోతుంది.

తర్వాత మైక్‌సెట్ హారన్లకు వాడే లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు. 100 వోల్టుల లైనుకు చేసినవి. వందను వందతో గుణించి వాట్లతో భాగిస్తే ఇంపెడెన్స్ వస్తుంది. 2 వాట్ల ట్యాప్ అంటే 5000 ఓములు, సరిగ్గా ఈఎల్84కు కావలసింది. ధర కూడా తక్కువే. కానీ ఇలా చెవికి ఒకే అవుట్‌పుట్ వాల్వుండే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్‌లో పాటతో పాటు వాల్వు తీసుకునే డీసీ కూడా ప్రైమరీ గుండానే పోతుంది. ఇక్కడది 30 మిల్లీయాంపులు. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో డీసీని తట్టుకునే గ్యాప్ ఉండదు. ఆ డీసీకే ఇనుము నిండిపోతే పాటకు చోటెక్కడిది? డీసీని ఒక చోక్‌కు అప్పగించి, పాటను మాత్రం కెపాసిటర్ ద్వారా పంపే పద్ధతి ఉంది. మంచి పద్ధతే. అయితే ఆ చోక్‌ను కూడా చుట్టించాల్సిందే. ఎలాగూ చుట్టిస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌నే చుట్టిద్దామనుకున్నాడు.

రాణిగంజ్ వైండింగ్ షాపులో భాయ్ మొదట అడిగింది, "ఎన్ని వాట్లు సార్?" అనే.

"వాట్లు వదిలెయ్ భాయ్. హెన్రీలు కావాలి. 20 హెర్ట్జ్ దగ్గర కూడా సౌండు పడిపోవద్దు."

నన్ను ఎంచుకునే ప్రతివాళ్లకూ ఆ మాటే చెబుతాను. ట్రయోడ్‌గా కట్టిన ఈఎల్84 లోపలి నిరోధం సుమారు 2000 ఓములు. దాన్నీ 5000 ఓముల లోడునూ కలిపి లెక్కేస్తే 20 హెర్ట్జ్ దాకా దిగడానికి ప్రైమరీకి 12 హెన్రీల ఇండక్టెన్స్ చాలు. అదే వాల్వును పెంటోడ్‌గా వాడితే 35 దాకా కావాలి. 1947లో విలియమ్సన్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో తన యాంప్లిఫయర్‌ను ప్రచురించినప్పుడు ప్రైమరీకి కనీసం 100 హెన్రీలు ఉండాలన్నాడు. అది పుష్-పుల్. రెండు వైపుల డీసీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గ్యాప్ అక్కర్లేదు, అన్ని హెన్రీలూ సాధ్యమే. నాకు గ్యాప్ తప్పదు. గ్యాప్ పెరిగేకొద్దీ హెన్రీలు తగ్గుతాయి.

36 గేజీ తీగతో ప్రైమరీ 3000 చుట్లు, సెకండరీ 735. చుట్ల నిష్పత్తి వర్గం సుమారు 16.7. అంటే 300 ఓములు వాల్వుకు 5000గా కనిపిస్తాయి. రేపు 32 ఓముల హెడ్‌ఫోను కొన్నా పనికొచ్చేలా 240వ చుట్టు దగ్గర ట్యాప్ తీశారు. ప్రైమరీని మూడు ముక్కలు, సెకండరీని రెండు ముక్కలు చేసి, కాజా మడతల్లా ఒకదాని మీద ఒకటి వేశారు. అలా వేయకపోతే లీకేజ్ పెరిగి తాళాల గలగలలు మొద్దుబారతాయి.

పాత జన్మలో నా స్టాంపింగులు అటొకటి ఇటొకటిగా అల్లి ఉండేవి. ఈసారి భాయ్ 'ఇ' ముక్కలన్నీ ఒకవైపు, 'ఐ' ముక్కలన్నీ ఇంకోవైపు పేర్చి, నడుమ మామూలు తెల్ల కాగితం ఒక పొర పెట్టి బిగించాడు. కాగితం మందం 0.1 మిల్లీమీటరు. అయస్కాంత ప్రవాహం దాన్ని రెండుసార్లు దాటుతుంది కాబట్టి 0.2 అనుకోవాలి. ఆ కాగితం వల్లే 30 మిల్లీయాంపుల డీసీ పారుతున్నా నా ఇనుములో పాటకు చోటుంది. మా ఇద్దరి ఇనుములో చిన్న తేడాలున్నా గ్యాప్ వాటిని చాలావరకు సరిచేస్తుంది.

చాసిస్ మీద నా చోటు నిర్ణయించింది స్కేలు కాదు, చెవి. వాల్వులు పెట్టకుండా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానికే కరెంటిచ్చి, నా సెకండరీకి హెడ్‌ఫోను తగిలించి, నన్ను చాసిస్ మీద మెల్లగా తిప్పాడు. ఒక కోణంలో గుయ్యిమని మోత. ఇంకాస్త తిప్పితే సన్నబడింది. దాదాపు అడ్డంగా తిరిగాక వినబడకుండా పోయింది. అక్కడే పెన్సిలుతో గీత గీసి బెజ్జాలు వేశాడు. స్పీకరైతే గదిలో కలిసిపోయే చిన్న హమ్మును హెడ్‌ఫోను చెవిలోనే పోస్తుంది.

ప్రైమరీ మీద 250 వోల్టులున్నాయి. సెకండరీ తీగ వెళ్లేది మనిషి తల మీదికి. అందుకే సెకండరీ ఒక కొసను చాసిస్‌కూ, చాసిస్‌ను ఇంటి ఎర్త్‌కూ కలిపాడు. ఎప్పుడైనా నా ఇన్సులేషన్ పోయినా ఆ వోల్టేజి ఎర్త్‌లోకే పోవాలి, ఫ్యూజు ఎగిరిపోవాలి. ఇది చేయని యాంప్లిఫయర్ ఎంత బాగా పాడినా దాని హెడ్‌ఫోను ఎవరూ పెట్టుకోకూడదు.

చివరగా సెకండరీకి అడ్డంగా 2200 ఓముల రెసిస్టరు ఒకటి శాశ్వతంగా అతికాడు. పాట నడుస్తుండగా ఎవరైనా ప్లగ్గు లాగేస్తే లోడు ఒక్కసారిగా పోతుంది, అప్పుడు ప్రైమరీలో వోల్టేజి ఎగిసి ఇన్సులేషన్‌కు దెబ్బ తగలొచ్చు. మొన్న చుట్టం ఒకాయన వింటూ వింటూ లేచి ప్లగ్గు లాగేశాడు. వాల్వు వెలుగుతూనే ఉంది, నాకూ ఏమీ కాలేదు. 32 ఓముల ట్యాప్ ఇంకా ఖాళీగానే ఉంది. దానికి జాక్ బిగించాలని డ్రిల్లు తెచ్చిపెట్టుకున్నాడు.