గడప దాకా వచ్చిన ఇనుము

పెనుగంచిప్రోలు దగ్గర, మునేటి ఒడ్డు చేలమట్టిలో ఉండే ఇనుమును నేను. జగ్గయ్యపేట వైపు సున్నపురాయికి కొదవ లేదు. సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. సున్నం ఎక్కువైన నేలలో నేను తుప్పులా గట్టిపడి ఉంటాను, నీటిలో కరగను. మట్టిలో దండిగానే ఉంటాను, అయినా నారుమడిలో లేత ఆకు తెల్లగా పాలిపోతుంది. రైతు అన్నభేది అనే ఇనుప లవణంలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తాడు. ఉన్నంత మాత్రాన అందినట్టు కాదనడానికి ఆ ఆకే సాక్ష్యం. బ్యాక్టీరియాకూ ఇదే తిప్పలు. వాటిలో చాలా రకాలు సిడెరోఫోర్లనే చిన్న అణువులను బయటికి వదిలి నన్ను పట్టి తెచ్చుకుంటాయి. తెచ్చాక నన్ను పొర దాటించాలి, అదీ ప్రోటీన్ల పని. అందుకే నా వాదన ఒక్కటే: ఒక ప్రోటీను నన్ను పట్టుకుందని చూపితే చాలదు, లోపలికి ఎంత చేరానో కొలవాలి.

దీనికి మంచి రుజువు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే ఉంది. ఓపీహెచ్ అనే ఎంజైము ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులను విరగ్గొడుతుందని అందరికీ తెలుసు. స్ఫింగోబియమ్ అనే బ్యాక్టీరియాలో అది లోపలి పొర దగ్గర, ఇనుమును చేరవేసే ప్రోటీన్లతో కలిసి ఉంటుందని దయానంద సిద్దవట్టం బృందం గమనించింది. 2020లో ఆ బృందం ఇంకో అడుగు వేసింది. ఓపీహెచ్‌లో 82వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చితే మందును విరగ్గొట్టే శక్తి అలాగే ఉంది, సిడెరోఫోర్‌తో కలిసిన నన్ను పట్టుకునే శక్తి మాత్రం పోయింది. 301వ స్థానంలోని ఆస్పార్టేట్‌ను మార్చితే పట్టు నిలిచింది, కానీ ఆ ప్రోటీన్లను ఇ.కొలై అనే ఇంకో బ్యాక్టీరియా కణంలో పెట్టి చూస్తే, అసలు ఓపీహెచ్ ఉన్నప్పుడు పెరిగిన ఇనుము రాక, ఈ మార్చిన రూపంతో పెరగలేదు. పట్టు ఒక్కటే చూసి ఆగి ఉంటే ఈ తేడా బయటపడేదే కాదు.

ఆ కొలత మీదే అనుమానం రావచ్చు: పైన అంటుకున్నదాన్ని లోపలికి వెళ్లినదిగా లెక్కేస్తే? న్యాయమైన ప్రశ్నే. ఇలాంటి కొలతకు ఇనుము-55 అనే రేడియోధార్మిక రూపం పనికొస్తుంది. దాన్ని కణాలకిచ్చి, నిమిషాల తేడాతో కొంచెం కొంచెం తీసి, బిళ్లంత తెల్లటి ఫిల్టరు మీద వడకట్టి, కడిగి, ఆ ఫిల్టరునే కౌంటర్లో పెడతారు. పక్కనే ఇంకో గొట్టాన్ని మంచులో ఉంచుతారు. చలికి రవాణా దాదాపు ఆగిపోతుంది, అంటుకోవడం ఆగదు. ఆ లెక్క తీసేస్తేనే లోపలికి చేరినది తేలుతుంది.

ఇ.కొలై ఆ ప్రోటీన్ల సొంతిల్లు కాదు కదా అన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. అరువు కణంలో ఒక్కో భాగాన్నీ తీసి, పెట్టి చూడగలగడం పెద్ద వెసులుబాటు. కాని అక్కడ తేలింది ఆ ప్రోటీను చేయగల పని మాత్రమే. పొలంలో అది ఎంత అక్కరకొస్తుందో కాదు. మిర్చికీ పత్తికీ మందు కొట్టే, సున్నం పేరుకున్న ఇలాంటి మట్టిలోనే ఆ లెక్క తీయాలి.