బంతికవాట పద్యము – టీకా తాత్పర్యములు

ఆ. నీరు నిండ బంతి నిక్కుచుఁ బైకెక్కు
బంతి లేవఁ గమ్మి పట్టి మూయు
వాడ నీరు దిగును వాలును బంతియు
ధార మరల సాగు దాని తోడ

టీక: నీరు నిండన్ = తొట్టిలో జలము పెరుగగా; బంతి = రాగిదో ప్లాస్టికుదో యైన బోలుగుండు; నిక్కుచున్ = మెల్లమెల్లగా తలయెత్తుచు; కమ్మి = గుండును కవాటమును కలుపు చువ్వ; పట్టి మూయున్ = గొట్టపు నోటికి వాచరును అదిమిపెట్టును. తక్కినది సుగమము.

తాత్పర్యము: సంపులోనికి నల్లానీరు వచ్చునప్పుడు మట్టము పెరిగినకొలది బంతి లేచి, కమ్మి రెండవ కొన వాచరును రంధ్రమునకు అదుముటచే ధార సన్నగిలి తుదకు ఆగును, నీరు వాడగా బంతి వాలి ద్వారము మరల తెరచుకొనును.

విశేషములు: ఇచ్చట తార్కికుడొకడు లేచి, నీటివలన బంతి లేచుచున్నది, బంతివలన నీరు ఆగుచున్నది, ఇది అన్యోన్యాశ్రయదోషము కాదా యని ఆక్షేపించును. కాదు. లేపునది తొట్టిలోని నీరు, ఆగునది గొట్టములోని నీరు. ముందెక్కినవాడు వెనుకవచ్చువానికి తలుపు మూయుట రైలుపెట్టెలో మనము నిత్యము చూచునదే.

ఇంత బంతికి అంత బలమెక్కడిదందురా? 10 సెంటీమీటర్ల అడ్డుకొలతగల గుండు సగము మునిగినచో, ఆర్కిమీడిసు సూత్రము చొప్పున, సుమారు 260 గ్రాముల బలము దానిని పైకి నెట్టును. గుండు బరువు అందులో కొంత హరించుగాక, కమ్మి పొడుగుభాగము పొట్టిభాగమునకు 10 రెట్లున్నచో మిగిలినదంతయు వాచరునొద్ద పదింతలగును. 10 మీటర్ల ఎత్తునుండి దిగిన నీరు 5 మిల్లీమీటర్ల రంధ్రమున చూపు ప్రతాపము 200 గ్రాములే! బాగ్దాదున బనూ మూసా సోదరులు 9వ శతాబ్దిలోనే తమ యంత్రగ్రంథమున తేలుడు కవాటములను వర్ణించిరి గనుక భావము కవికి సొంతమనుటకు వీలులేదు.

బంతికి చిల్లి పడుట కవి చెప్పక విడిచినాడు. చిల్లిలో నీరు చేరిన గుండు మునిగియుండి, తొట్టి పొరలి వీధి పారినను, కదలదు. గట్టినీటి సున్నపుపొర వాచరుక్రింద పేరుకొన్నను ధార పూర్తిగా ఆగదు. అప్పుడు దూషింపవలసినది బంతిని కాదు.

కడపట మనవి. బంతి నీటిని ఆపునేగాని మోటారును ఆపజాలదు. మోటారుగొట్టమునకు దానిని బిగించినచో కవాటము మూతపడిన పిదపను పంపు తిరిగి తిరిగి వేడెక్కి చెడును. కావున మేడమీది తొట్టి నిండగానే స్విచ్చి కట్టు భారమును బంతికిగాని, వ్యాఖ్యాతకుగాని వదలక పాఠకమహాశయులే వహింపవలెను.