గొంతు ఆయనది, కషాయం ఆవిడది

పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవని చట్టం చెప్పింది. ఊళ్లు ఆ మాట మన్నించాయి, కాగితం మీద.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. తెల్లారితే మంచు, మధ్యాహ్నానికి ఎండ, ఇంటింటా దగ్గు. పైగా కరోనా. మాస్కులేమో గడ్డాల కింద.

కరపత్రంలో అభ్యర్థి అమ్మగారు. పక్కన అంతకు రెండింతల సైజులో అయ్యగారు. శుభకార్యాల్లో అక్షింతలు వేసేది ఆయనే. ముసలమ్మల మోకాళ్ల నొప్పులు వాకబు చేసేదీ ఆయనే (పోలింగ్ దాకా). ‘ఒక్క అవకాశం’ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదీ ఆయనే. మరి అసలు అభ్యర్థి? వంటింట్లో ఆయన గొంతుకు మిరియాల కషాయం కాస్తోంది. అత్తగారికి బీపీ మాత్ర, పిల్లాడికి ఆవిరి, ప్రచారానికొచ్చిన పాతికమందికి ఉప్మా... అన్నీ ఆవిడే. ఎన్నికల్లో ఆవిడ వంతు మాత్రం నామినేషన్ మీద సంతకమే.

గెలిచాక ప్రమాణం ఆవిడది, కుర్చీ ఆయనది. మురుగు కాలవ సంగతేమిటమ్మా అంటే ‘ఆయన్నడగండి’. ఆయన్నడిగితే ‘బిల్లు రాలేదు’. దోమలకు ఈ పేచీ లేదు. సర్పంచి ఎవరో తేలకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి.

అయ్యా, ఈసారి ఓటుకొచ్చినప్పుడు తమరు కాస్త పక్కకు జరిగి అమ్మగారిని మాట్లాడనివ్వండి. రోజూ ఆ కాలవ పక్కన కుళాయి దగ్గర నీళ్లు పట్టేది ఆవిడే.