తిరిగేదంతా గుండ్రమే

లేతు మీద తిరుగుతున్నంతసేపూ ఏ చెక్కయినా గుండ్రంగానే కనిపిస్తుంది. ఈ పాటి సంగతి తెలియక, చిలమత్తూరులో నన్ను మించిన పనిమంతుడు లేడని కొన్నాళ్లు మురిసిపోయాను.

రిటైరయ్యాక పొద్దుపోక కొన్న లేతు అది. చెన్నపట్న బొమ్మల అంగట్లో ఒక చెక్క గుండు ధర విని, "దీనికింతా? ఇంటికాడ నేనే తిప్పుతా" అని మా ఆవిడ ముందర కోతలు కోశాను. వేపకొమ్మ నరికి, తడి ఆరకముందే లేతుకెక్కించాను. పచ్చి కట్టె ఉలికి వెన్న మాదిరి లొంగింది. పొట్టు తీగలు తీగలుగా లేచి చొక్కా మీద పడుతుంటే చెయ్యి తిరిగినవాణ్ణే అనుకున్నాను. కొలతలెందుకు, కన్ను లేదూ?

మిషన్ ఆపి, గుండును అడ్డంగా తిప్పి చూస్తే రెండు కొసలూ సాగి ఉన్నాయి.

వీధి చివరి వడ్రంగి ఆచారికి చూపించాను. ఆయన నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "70 మిల్లీమీటర్ల గుండు కావాలంటే పొడవు 70, మందం 70 ఉండల్ల సార్. నడుమ పెన్సిల్ గీత గీయండి. మూల నుంచి ముఖం మీద 20, ఒంటి మీద 20 గుర్తు పెట్టి ఆ మూల కోసేయండి. రెండో పక్కా అంతే. తర్వాత మిగిలిన మూలలు." అక్కడితో అయిపోలేదు. గుండును విప్పి, పెన్సిల్ గీత ఇప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలా తిప్పి, రెండు చెక్క గిన్నెల నడుమ బిగించి మళ్లీ తిప్పాలట.

అట్లాగే బిగించాను. తిరుగుతున్న గుండు అంచున పలచగా ఒక నీడ కనిపించింది. కళ్లద్దాలు తుడిచాను. బల్బు మార్చాను. నీడ పోలేదు. అడిగితే ఆచారి, "ఆ నీడే సార్ ఎక్కువున్న కట్టె. అది మాయమయ్యేదాకా గీకల్ల" అన్నాడు. గీకాను. నిజంగానే గుండు వచ్చింది.

కట్టె పచ్చిదన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

వాన మొహం అరుదుగా చూసే జిల్లా మాది. ఈ గాలికి పచ్చి కట్టె ఊరుకుంటుందా? ఆరేకొద్దీ కట్టె అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువునా దాదాపు అంతే ఉంటుంది. గుండు కోలగా మారి, ఒక పక్క పగిలింది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్క బొమ్మల గురించి నేను చదవకపోలేదు. తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకోవడం, మొగలి ఆకుతో రుద్ది మెరుగు తేవడం అన్నీ నోటికొచ్చు. ముందు కర్రను ఆరబెట్టాలన్న ముక్కే, చప్పగా ఉందని దాటేశాను.

మా ఆవిడ పగిలిన గుండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పనిలో లోపం లేదు, కట్టే మంచిది కాదు" అన్నాను.

ఆ కొమ్మ ఆమె పుట్టింటి దొడ్లోది.