జంగమ గృహస్థుడు

ఉద్యోగవిరమణానంతరము దేశాటనము చేయవలెనను సంకల్పముతో, పడకగది, వంటగది, స్నానాలగది సమస్తమును చక్రములపై నెక్కించిన మహాశకట మొకటి కొని, దానిని ఇంటిప్రక్కన నిలిపి, అది కదలకుండుటకు వలసిన కారణములను సంవత్సరము పొడుగునా శ్రద్ధతో సేకరించుచుండు పెద్దమనుష్యులు అమెరికాలోని మనవారిలోగూడ ఇప్పుడు బయలుదేరినారు. డల్లాసు సమీపమున నివసించు మా బావగారు వారిలో అగ్రగణ్యులు. ఆ బండిని అక్కడివారు ఆర్.వి. అందురు, మా అక్క మాత్రము "మీ బావ తేరు" అనును. తేరైనను ఏడాదికొక్కమారు కదలును గదా యని నేననగా, ఆమె నావైపు జాలిగా చూచినది.

బావగారి ప్రస్థానమునకు ప్రథమవిఘ్నము కందిరీగ. మార్చిలో ఎండ కాస్త చురుక్కుమనగానే, చలికాలమంతయు ఏ చెక్కసందుననో దాగియున్న రాణి యొకతె వెలువడి, ఎండుకర్రను గీకి, నమిలి, లాలాజలముతో ముద్దచేసి, బండి పందిరిగుడ్డను చాచు కడ్డీ క్రిందనో, వెనుకనిచ్చెన చాటుననో, బోర్లించిన గొడుగువంటి చిన్న కాగితపుగూ డొకటి వ్రేలాడదీయును. అప్పటికి దానికి సైన్యము లేదు, పరివారము లేదు. చీపురుకట్టతో ఒక్క దెబ్బ చాలును. కాని బావగారట్టి అల్పకార్యమునకు పూనుకొనువారు కారు. శత్రువు పెరిగి తమకు దీటగునంతవరకు వేచియుండుట వారి వీరధర్మము. ఈలోపల వారు గ్రంథావలోకనము చేయుదురు. కాగితమును చింకిగుడ్డలతో చేయుచుండిన కాలమున, 1719లో, రియోమూర్ అను ఫ్రెంచి పండితుడు ఈ కందిరీగల గూటిని చూచియే, కర్రతోగూడ కాగితము చేయవచ్చునని సూచించినాడని భోజనసమయమున మనకు బోధింతురు. పప్పు చల్లారిపోవును. గూడు మాత్రము దినదినప్రవర్ధమానమగును.

జూన్ నాటికి అది తుట్టె యనదగినదైనప్పుడు, "ఇక ఉపేక్షించకూడదోయ్!" అని బావగారు లేతురు. తుట్టెవాసులందరు గూటికి చేరి చల్లబడి మందకొడిగానుండు వేళ సంధ్య దాటిన పిదప గనుక, దండయాత్ర రాత్రియే. కీటకములకు ఎరుపురంగు సరిగా కానరాదని చదివినందున టార్చిలైటుకు ఎర్రగుడ్డ కట్టబడును. ముఖమునకు వల, చేతులకు తోటపని తొడుగులు, లాగుకాళ్లకు రబ్బరుపట్టీలు. కుడిచేత ఇరువది యడుగుల దూరము చిమ్ము మందుడబ్బా, అది విఫలమైనచో కీటకముల శ్వాసరంధ్రములను మూసివేయు సబ్బునీళ్ల సీసా ఎడమచేత. తేనెటీగ మనుష్యుని ఒక్కమారు కుట్టి ప్రాణము విడుచుననియు, కందిరీగ ముల్లు నునుపుగనుక ఎన్నిమారులైనను కుట్టగలదనియు ఈ వేషముతో అరగంటసేపు ఉపన్యసించి, తీరా డబ్బాను నొక్కబోవు సమయమున, "గాలి మన వైపే వీస్తోంది, రేపు చూద్దాం" అని వెనుదిరుగుదురు. వారి జాగ్రత్తను నేను నిందింపను. నిందించునది ఆ ఉపన్యాసమును.

ఇంతకును కుట్టు జాతితో వారికి పేచీ స్వల్పము. అసలు పేచీ సాధారణముగా ఎవరిని కుట్టక, ఒంటరిగా తిరుగుచు మట్టితో గూడుకట్టు సన్ననినడుము కందిరీగతోనే. మంటపెట్టి చల్లబరచు విచిత్రమైన గ్యాసుఫ్రిజ్జు వెనుకనుండు గాలిసందులలోను, నీళ్లు కాచు పొయ్యి గొట్టములోను, గదిని వెచ్చబరచు యంత్రపు పొగరంధ్రములోను అది గుట్టుగా మట్టి మెత్తిపోవును. మంట సరిగా మండదు. "ఇంత మట్టికి ఇంత హడావుడా?" అని అక్క యన్నచో బావగారు గంభీరులై, 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌నుండి లేచి సముద్రమున కూలి 189 మందిని బలిగొన్న విమానమును స్మరింతురు, వేగమును కొలుచు గొట్టములో ఇట్టి గూడే చేరియుండవచ్చునని విచారణాధికారులు తలచిరి. ఆ మాటకు బదులేమున్నది? అక్క లోపలికి పోవును.

మన పెద్దలు భ్రమరకీటన్యాయమని చెప్పినది ఈ మట్టిగూటిని చూచియే కాబోలు: బంధింపబడిన పురుగు భ్రమరమునే ధ్యానించి ధ్యానించి తుదకు భ్రమరమగునట. బావగారు ఒక గూటిని పగులగొట్టి, అందలి సాలెపురుగులను నాకు చూపినారు. తల్లి వానిని కుట్టి స్తంభింపజేసి, ఒకదానిపై గ్రుడ్డుపెట్టి, మట్టితో మూసిపోవును. రెక్కలతో వెలువడునది ధ్యానము చేసినది కాదు, భోజనము చేసినది. పురుగుల యెడ చెల్లకపోయిన ఆ న్యాయము బావగారి యెడ సంపూర్ణముగ చెల్లినది. సాయంకాలమగుసరికి వారు ఏదో కూనిరాగము తీయుచు బండిచుట్టు తిరుగుదురు, ప్రతి సందునను తల దూర్చుదురు, పిల్లలెవరైన సమీపించినచో జుమ్మని లేతురు. ఆ సమయమున వారి ముఖమున కనబడు ఆనందము ఏ పుణ్యక్షేత్రము దర్శించినవారి ముఖమునను నేను చూడలేదు. అందుచేత వారిపై కోపము నిలువదు.

నవంబరులో కందిరీగలు నశించును గదా, అప్పుడు పోరాదాయని అడుగుదురేమో. అప్పుడు నీళ్లగొట్టములు గడ్డకట్టునను భయము. వానిలో గులాబీరంగు ద్రవము నింపి బండిని నిద్రపుచ్చుదురు. మరల మార్చి, మరల రాణి.

కడపటి వేసవిలో అక్క, విసిగి, స్నేహితురాండ్రతో విమానమెక్కి గ్రాండ్ కాన్యన్‌కు పోయినది. బావగారు ఆ రాత్రియే ఫోను చేసి, లోయను గూర్చి యొక్కమాటయైన అడుగక, "అక్కడ ఆపిన ఆర్.వి.ల గాలిసందులకు స్టీలుజాలీ ఎలా బిగించారో చూశావా?" అనిరట. చూచినదట. ఫోటోలుగూడ తీసి పంపినదట.